1920ల్లో మద్రాసు కౌన్సిల్ మెంబరు అంటే ఎవరు? వాళ్ళ చేతిలో ఏముండేది?

బందరు_శ్రీను

అందరికీ నమస్కారం. మా ముత్తాతగారి ట్రంకు పెట్టెలో 1924 నాటి గ్రంథాలయ వార్షికోత్సవం ఆహ్వాన పత్రిక ఒకటి దొరికింది. సభకు అధ్యక్షత వహించినాయన పేరు ముందు "రావు బహద్దూర్", పేరు తర్వాత "ఎం.ఎల్.సి." అని అచ్చు వేశారు. స్వాతంత్ర్యం రావడానికి ఇరవై ఏళ్ళ పైనే ముందు మాట కదా. అప్పట్లో వీళ్ళను జనం ఎన్నుకునేవారా, దొరలే నియమించేవారా? ఓటు ఎవరికి ఉండేది? మా ముత్తాతగారికి బందరు దగ్గర నాలుగెకరాల మాగాణి ఉండేది. ఆయనకు ఓటు ఉండి ఉంటుందా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పగలరు.

పాత_గెజిట్

శ్రీనుగారూ, మంచి ప్రశ్న. కొంచెం వెనక్కి వెళ్ళి చెప్తాను.

1861 చట్టం ప్రకారం గవర్నరు సలహా సభలో చట్టాల పనికోసం అదనంగా నలుగురి నుంచి ఎనిమిది మందిని తీసుకునేవారు. అందరూ నామినేటెడే. గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు 1860ల్లో అలా వెళ్ళినవారే. 1892 చట్టంతో ఆ సంఖ్య 20 దాకా పెరిగింది. మునిసిపాలిటీలు, జిల్లా బోర్డులు, యూనివర్సిటీ వంటి సంస్థలు పేర్లు సూచిస్తే గవర్నరు నియమించేవాడు. రాజమండ్రి న్యాపతి సుబ్బారావు పంతులుగారు ఆ దారినే వెళ్ళారు. సర్కారును ప్రశ్నలు అడిగే హక్కు, బడ్జెట్ మీద మాట్లాడే హక్కు కూడా అప్పుడే వచ్చాయి. అయితే బడ్జెట్ మీద ఓటింగు లేదు.

1909 మింటో-మార్లే సంస్కరణలతో గరిష్ఠంగా 50 మంది దాకా ఉండొచ్చన్నారు. ఎన్నిక అన్న మాట చట్టంలోకి వచ్చింది గానీ ఓటు వేసేది మామూలు జనం కాదు, మునిసిపల్ కౌన్సిలర్లు, లోకల్ బోర్డు మెంబర్లు, జమీందార్లు. అందుకే ఆనాటి మెంబర్లలో ప్లీడర్లు, జమీందార్లు అంత ఎక్కువ. ఏలూరు మోచర్ల రామచంద్రరావుగారు, గుత్తి కేశవపిళ్ళైగారు ఈ కాలంలోనే పేరు తెచ్చుకున్నారు.

మీ కార్డు 1924 నాటిది కాబట్టి మీకు కావలసింది 1919 చట్టం. దాంతో మద్రాసు కౌన్సిల్లో 127 మంది అయ్యారు. అందులో 98 మంది ఎన్నికైనవారు, మిగిలినవారు నామినేటెడ్. గవర్నరు కార్యనిర్వాహక సభ్యులు దీనికి అదనం. మొదటి ఎన్నికలు 1920 నవంబరు చివర్లో మొదలై డిసెంబరు మొదటి వారంలో ముగిశాయి. అప్పటికి రెండో సభ లేదు, ఉన్నదంతా ఈ ఒక్క సభే. అందుకే ఆ రోజుల్లో ఎం.ఎల్.సి. అంటే మన ఎమ్మెల్యే లాంటివాడే అనుకోండి.

ఓటు ఆస్తిని బట్టి ఉండేది. పల్లెల్లో ఏడాదికి పది రూపాయల రాబడి విలువ కట్టిన భూమి పట్టా ఉండాలి. పట్నంలో మునిసిపాలిటీకి పన్ను కట్టాలి. ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకు, పెన్షన్ తీసుకునే మాజీ సిపాయిలకు కూడా ఇచ్చారు. కృష్ణా డెల్టాలో నాలుగెకరాల మాగాణి మీ ముత్తాతగారి పేరు మీదే పట్టా అయి ఉంటే ఆయనకు ఓటు ఉండి ఉండాలి. ఉమ్మడి కుటుంబమై పట్టా అన్నగారి పేరు మీదో తండ్రిగారి పేరు మీదో ఉంటే మాత్రం అనుమానమే. ముందు పట్టా ఎవరి పేరు మీద ఉందో చూడండి.

గుంటూరు_కారం

గెజిట్ గారు చెప్పినవన్నీ నిజమే గానీ అసలు లెక్క కూడా చెప్పాలి. ప్రెసిడెన్సీలో జనం నాలుగు కోట్ల పైచిలుకు. 1920లో ఓటర్లు పన్నెండున్నర లక్షలు. అంటే నూటికి ముగ్గురు. అందులోనూ పోలింగుకు వచ్చింది నాలుగో వంతు. కాంగ్రెస్ సహాయ నిరాకరణలో భాగంగా ఆ ఎన్నికలను బహిష్కరించింది. బ్రాహ్మణేతరుల పార్టీ అయిన జస్టిస్ పార్టీకి 98లో 63 సీట్లు వచ్చాయంటే ఆ ఖాళీలో వచ్చినవే. కూలివాడికి, కౌలురైతుకు, ఇంట్లో ఆడవాళ్ళకు చోటు లేని సభను ప్రజాసభ అని నేను అనలేను.

పల్నాడులో ఏం జరిగిందో చూడండి. పశువులను అడవిలోకి తోలుకోవడానికి పుల్లరి కట్టాలన్నందుకు 1921లో ఊళ్ళకు ఊళ్ళు ఎదురు తిరిగాయి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో కన్నెగంటి హనుమంతును కాల్చి చంపారు. కౌన్సిల్ కూర్చున్న రోజుల్లోనే ఇదంతా. పుల్లరి ఎత్తేయించగలిగారా ఈ మెంబర్లు?

ఏలూరు_కాలవ

గుంటూరు గారూ, మీ కోపం న్యాయమైనదే. అయితే అడవుల మీద మెంబర్లకే కాదు, మంత్రులకు కూడా చెయ్యి లేదని గుర్తు పెట్టుకోవాలి. ద్వంద్వ ప్రభుత్వం అన్నది ఇదే. శాఖలను రెండుగా చీల్చారు. విద్య, వైద్యం, స్థానిక సంస్థలు, ఎక్సైజు, వ్యవసాయం మంత్రులకు ఇచ్చారు. పోలీసు, ఆర్థికం, భూమిశిస్తు, నీటిపారుదల, అడవులు గవర్నరు తన దగ్గర, తన కార్యనిర్వాహక సభ్యుల దగ్గర ఉంచుకున్నాడు. ఖర్చయ్యే శాఖలు మనవాళ్ళకు, డబ్బు పెట్టె తాళం దొరలకు.

మా ఏలూరు కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు మొదటి మంత్రివర్గంలో అభివృద్ధి శాఖ చూశారు. 1924లో సంస్కరణలు ఎలా నడుస్తున్నాయని విచారించడానికి ముడిమాన్ కమిటీ వేస్తే ఆయన చెప్పిన సాక్ష్యం దేశమంతా మోగింది. దాని సారాంశం ఇది: నేను అభివృద్ధి మంత్రిని, అడవులు నావి కావు. వ్యవసాయ మంత్రిని, నీటిపారుదల నాది కాదు. పరిశ్రమల మంత్రిని, ఫ్యాక్టరీలు, విద్యుత్తు, గనులు, కార్మికులు ఏవీ నావి కావు. ద్వంద్వ ప్రభుత్వం ఎందుకు కుప్పకూలిందో ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేదని నా అభిప్రాయం. అది కాంగ్రెస్ నాయకుడి మాట కాదు, ఆ పదవిలో కూర్చుని పనిచేసినాయన మాట. అందుకే దానికి అంత బరువు.

చీరాల-పేరాల సంగతి వేరు. అక్కడ గొడవ మునిసిపాలిటీ పన్నుల మీద. స్థానిక స్వపరిపాలన మంత్రుల శాఖ కాబట్టి ఆ నింద తిన్నగా మంత్రి మీదికే వచ్చింది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద జనం ఇళ్ళు వదిలి ఊరి బయట రామనగర్ వేసుకున్నారు. మనం ఓటేసి పంపినవాళ్ళే మన మీద పన్ను వేస్తే ఏం చేయాలన్న ప్రశ్న మన జిల్లాల్లో అంత గట్టిగా లేచింది అక్కడే.

లక్ష్మి_తెనాలి

గుంటూరు గారు ఆడవాళ్ళకు చోటు లేదన్నారు. 1920 ఎన్నికల వరకు అది నిజం. కానీ ఆ కౌన్సిలే 1921 ఏప్రిల్ 1న స్త్రీలకు ఓటు ఇవ్వాలని తీర్మానం చేసింది. బ్రిటిష్ పాలనలోని ప్రావిన్సుల్లో ఇదే మొదటిది. దివాన్ బహదూర్ కృష్ణన్ నాయర్ ఆ తీర్మానం పెట్టారు. ఆడవాళ్ళకు ఓటు ఇవ్వాలా వద్దా అన్నది లండన్‌లో తేల్చకుండా ఇక్కడి కౌన్సిళ్ళకే వదిలేశారు. వాళ్ళు వద్దనడం చాలా తేలిక. అయినా అవునన్నారు. దాన్ని తక్కువ చేసి మాట్లాడితే నాకు బాధగా ఉంటుంది.

ఆస్తి షరతు మాత్రం ఆడవాళ్ళకూ అదే. తన పేరు మీద భూమి ఉన్న స్త్రీలు ఎందరుంటారు? ఎక్కువగా వితంతువులు, జమీందారీ కుటుంబాలవాళ్ళు. కాబట్టి జాబితాలో ఆడవాళ్ళ పేర్లు చాలా తక్కువ.

పోటీ చేసే హక్కు 1926లో వచ్చింది. ఆ ఏడే కమలాదేవి చట్టోపాధ్యాయ మంగుళూరు వైపు నిలబడి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డిగారు నామినేటెడ్ సభ్యురాలుగా వచ్చి డిప్యూటీ ప్రెసిడెంట్‌గా ఎన్నికయ్యారు. ఆవిడ పట్టుబట్టబట్టే 1929లో దేవాలయ ధర్మాదాయ చట్టానికి సవరణ వచ్చింది. దేవదాసీల మాన్యాలను గుడి సేవతో ముడిపెట్టకుండా విడదీశారు. మాన్యం పోతుందన్న భయంతో కూతుళ్ళను గుడికి ఇచ్చే కుటుంబాలకు ఆ ముడి విప్పడం ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. 1930లో గాంధీగారిని అరెస్టు చేసినప్పుడు ఆవిడ సభ్యత్వానికి రాజీనామా చేశారు.

ఒంగోలు_ప్రసాద్

నామినేషన్ అనగానే దొర దయ అని కొట్టిపారేయకండి. మాల, మాదిగ, పరయ, పళ్ళ, చక్కిలియ కులాలవారికి ఆస్తి ఓటుతో గెలిచే దారి ఎక్కడుంది? వాళ్ళకోసం కొన్ని నామినేటెడ్ స్థానాలు పెట్టారు. ఎం.సి. రాజా 1920లో అలాగే వచ్చారు. తర్వాత వచ్చిన రెట్టమలై శ్రీనివాసన్ 1924లో ఒక తీర్మానం తెచ్చారు. సర్కారు రోడ్లు, బావులు, చెరువులు, ఆఫీసులు అందరికీ తెరిచి ఉండాలి, ఫలానా కులం వాడివని ఎవరినీ ఆపకూడదు అని. అది నెగ్గింది. ప్రభుత్వం దాని మీద ఉత్తర్వు ఇచ్చింది.

ఊళ్ళో మరుసటి రోజే బావి తెరుచుకోలేదు, నిజం. మా తాతల కాలంలో కూడా తెరుచుకోలేదు. అయినా "ఇది సర్కారు బావి, సర్కారు ఉత్తర్వు ఉంది" అని అడగడానికి ఒక కాగితం చేతికి వచ్చింది. ఆ కాగితం కోసం నూరు మందికి పైగా ఉన్న సభలో గుప్పెడు మంది నిలబడి మాట్లాడారు. అక్కడ కూర్చున్న జమీందార్లు, ప్లీడర్లు బయట వీళ్ళను పక్కన కూర్చోనిచ్చేవారు కాదు. నేను చరిత్ర చదివేటప్పుడు మంత్రుల కంటే వీళ్ళ గురించే ఎక్కువ వెతుకుతాను.

మన్యం_మాస్టారు

మా ఏజెన్సీ సంగతి ఎవరూ ఎత్తలేదు. గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీలను ఆ చట్టం కింద వెనుకబడిన ప్రాంతాలుగా ప్రకటించారు. కౌన్సిల్ చేసిన చట్టాలు అక్కడ వాటంతటవే వర్తించవు, గవర్నరు సరేనంటేనే. అంత పెద్ద కొండ ప్రాంతానికి కౌన్సిల్‌లో ఒక్క నామినేటెడ్ సీటు. కొండరెడ్లలో, కోయల్లో, బగతల్లో ఎవరికీ ఓటు లేదు. ముఠాదారు (కొన్ని కొండ ఊళ్ళ పెత్తందారు) చెప్పిందే చట్టం, తహసీల్దారు చెప్పిందే వేదం. రోడ్డు పనికి కూలి సరిగా ఇవ్వకపోయినా అడిగే మెంబరు లేడు. అల్లూరి సీతారామరాజు 1922లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయింది ఈ పరిస్థితిలోనే. కౌన్సిల్ చరిత్ర రాసేవాళ్ళు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నా కోరిక.

పాత_గెజిట్

మాస్టారూ, సరిగ్గా చెప్పారు. అది నేను ముందే రాయవలసింది.

గుంటూరు గారి ప్రశ్నకు నా జవాబు ఒకటుంది. మెంబరు చేతిలో ఉన్న అసలు ఆయుధం ప్రశ్న. ముందుగా నోటీసు ఇచ్చి, ఫలానా తాలూకాలో శిస్తు ఎంత పెంచారు, ఫలానా కాలవ పూడిక ఎప్పుడు తీస్తారు, ఫలానా చోట కాల్పులకు ఎవరు ఆర్డరు ఇచ్చారు అని అడిగితే సర్కారు జవాబు చెప్పి తీరాలి. తన దగ్గర పెట్టుకున్న శాఖల మీద కూడా. ఆ జవాబు అచ్చులో వస్తుంది. మరుసటి రోజు ఆంధ్రపత్రికలో, ఆ వారం కృష్ణాపత్రికలో జనం చదువుతారు. కలెక్టరు ఊళ్ళో ఏం చేసినా పైకి తెలియని కాలం అలా పోయింది. పుల్లరి ఎత్తేయించలేకపోయారు, ఒప్పుకుంటాను. ఆ సభలో అడిగిన ప్రశ్నలే లేకపోతే మనకు ఆ కాలం లెక్కలు సగం కూడా దొరికేవి కావు.

మెంబర్లకు జీతం లేదు. దారి ఖర్చులు, సభ జరిగిన రోజులకు భత్యం మాత్రం వచ్చేవి. బరంపురం నుంచో బళ్ళారి నుంచో మద్రాసు వచ్చి, సెయింట్ జార్జి కోటలో సభకు హాజరై, అక్కడ ఇల్లు అద్దెకు తీసుకుని ఉండాలంటే కలిగినవాడికే సాధ్యం. ఇంకొక అడ్డు ఇంగ్లీషు. సభ నడిచేది ఇంగ్లీషులో. రానివాళ్ళు తమ భాషలో మాట్లాడొచ్చని నిబంధన ఉంది గానీ బిల్లులు, బడ్జెట్ పుస్తకాలు అన్నీ ఇంగ్లీషే. తెలుగు రైతు గెలిచి వెళ్ళినా చేతిలో కాగితం చదివి చెప్పే ప్లీడరు పక్కన ఉండాల్సిందే.

గుంటూరు_కారం

గెజిట్ గారూ, ప్రశ్నల సంగతి ఒప్పుకుంటాను. కాల్పుల మీద సర్కారు చెప్పిన జవాబు అచ్చులో ఉంటే అదీ చదవాలి, హనుమంతు గురించి పాడుకునే పాటా వినాలి.

ఓరుగల్లు_వేణు

మా తెలంగాణ వైపు ఇవేవీ లేవని గుర్తు చేస్తున్నాను. నిజాం రాజ్యంలో 1893 నుంచి శాసన మండలి అని ఒకటి ఉండేది గానీ అందులో అధికారులదే పెత్తనం. ఊళ్ళో రైతుకు ఓటు లేదు. మద్రాసు వైపు నూటికి ముగ్గురికే ఓటని మీరు బాధపడుతున్నారు. మా తాతలు ఓటు పెట్టె చూసింది 1952లోనే. అందుకే బందరు, బెజవాడ పత్రికల్లో కౌన్సిల్ చర్చలు చదివిన హైదరాబాదు యువకులకు అదొక కిటికీ. ఆంధ్ర మహాసభ తీర్మానాలు రాసే పద్ధతిలో ఆ ప్రభావం ఉందని నాకు అనిపిస్తుంది.

చిత్తూరు_మామిడి

కట్టమంచి రామలింగారెడ్డిగారి పేరు ఇప్పటిదాకా రాకపోవడం ఆశ్చర్యం! 1923 రెండో ఎన్నికల తర్వాత పానగల్లు రాజా పానగంటి రామారాయణింగారు మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. రాజాగారి జస్టిస్ పార్టీలోంచే బయటికి వచ్చిన కట్టమంచివారు సభ మొదట్లోనే, నవంబరు 27న, మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. మన దేశ శాసనసభల్లో అదే మొదటిదని చెప్తారు. మరుసటి రోజు ఓటింగులో 65-44తో వీగిపోయింది. నామినేటెడ్ మెంబర్లు మంత్రుల వైపు నిలబడ్డారు. ఎన్నికైనవాళ్ళ భవిష్యత్తు తేల్చేది నియమించబడినవాళ్ళు! ద్వంద్వ ప్రభుత్వం లోపం అంత బాహాటంగా కనిపించిన రోజు ఇంకొకటి లేదు.

పానగల్లు రాజాను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆయన సంస్కృత పండితుడు. గుళ్ళ ఆస్తుల మీద అజమాయిషీ కోసం 1922 డిసెంబరులో బిల్లు తెచ్చి, ఇంత వ్యతిరేకత వచ్చినా 1925లో చట్టం చేయించారు. ఇవాళ మన దేవాదాయ శాఖకు మూలం అదే. ఆయుర్వేదం, సిద్ధ, యునానీ నేర్పే స్కూలు మద్రాసులో పెట్టించిందీ ఆయన ప్రభుత్వమే.

అనంతపురం_రైతు

ఆంధ్ర విశ్వవిద్యాలయం సంగతి నేను చెప్తా. మన తెలుగు మెంబర్లందరూ ఒక్క మాట మీద నిలబడిందీ, వెంటనే చీలిందీ ఆ విషయంలోనే. విద్యామంత్రి ఎ.పి. పాత్రోగారు, బరంపురం వారు, బిల్లు తెచ్చారు. 1926లో యూనివర్సిటీ బెజవాడలో మొదలైంది. కట్టమంచివారే తొలి వైస్ ఛాన్సలర్. అంతవరకు బాగానే ఉంది. హెడ్‌క్వార్టర్స్ ఎక్కడ అన్న దగ్గర తగాదా వచ్చింది. బెజవాడ అని ఒకరు, రాజమండ్రి అని ఒకరు, విశాఖ అని ఒకరు. చివరికి 1930లో వాల్తేరు చేరింది.

మా సీమవాళ్ళు అనంతపురం కావాలని అడిగారు. ఎవరూ వినలేదు. అనంతపురం నుంచి వాల్తేరు ఎంత దూరమో, మద్రాసు ఎంత దగ్గరో పటం చూస్తే తెలుస్తుంది. దత్తమండలాల కాలేజీలు మళ్ళీ మద్రాసు యూనివర్సిటీ కిందికే పోయాయి. కోస్తా, సీమ నాయకులు చేసుకున్న 1937 శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురంలో యూనివర్సిటీ కేంద్రం అన్న షరతు ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ నమ్మకం ఒకసారి పోయాక మళ్ళీ కుదరడానికి ఎంతకాలం పట్టిందో మనందరికీ తెలుసు. 1918లో బి.ఎన్. శర్మగారు ఢిల్లీ సభలో భాషా ప్రాతిపదికన రాష్ట్రాలు కావాలని తీర్మానం పెట్టి ఓడిపోయారు. అప్పుడు అడ్డుపడింది బయటివాళ్ళు. యూనివర్సిటీ దగ్గర అడ్డుపడింది మనమే. ఈ మాట నాకు ఎప్పుడు తలచుకున్నా కష్టంగానే ఉంటుంది.

లక్ష్మి_తెనాలి

రైతుగారూ, మీ బాధ అర్థమైంది. కోస్తావాళ్ళం ఆ చరిత్ర మీవైపు నుంచి చదవడం చాలా తక్కువ.

ఓటు సంగతి ఇంకొకటి. 1935 చట్టంతో మద్రాసులో 215 మందితో అసెంబ్లీ, దానిపైన వేరే కౌన్సిల్ వచ్చాయి. అక్కడి నుంచే ఎమ్మెల్యే, ఎమ్మెల్సీ అన్న తేడా. 1937 ఎన్నికల్లో ఓటు ఎక్కువమందికి వచ్చింది. చదువు రానివాళ్ళ కోసం రంగుల పెట్టెలు పెట్టారు, కాంగ్రెస్‌ది పసుపుపచ్చ పెట్టె. మా నాయనమ్మ ఆ పసుపు పెట్టె గురించి పండుగ గురించి చెప్పినట్టు చెప్పేది.

బందరు_శ్రీను

అందరికీ చాలా థాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. అడంగల్, పట్టా కాగితాలు వెతికిస్తాను. ఆ రోజుల ఓటర్ల జాబితా, కౌన్సిల్ చర్చల పుస్తకాలు ఎక్కడైనా చూడొచ్చా?

పాత_గెజిట్

కౌన్సిల్ చర్చల సంపుటాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో చూడొచ్చు. గుర్తింపు కార్డు, ఒక దరఖాస్తు పట్టుకెళ్ళండి. ప్రతి సంపుటం చివర సభ్యుల పేర్లతో సూచిక ఉంటుంది, మీ కార్డులోని పేరు పట్టుకుని వెళ్తే ఆయన ఏ రోజు ఏ ప్రశ్న అడిగారో తెలుస్తుంది. ఓటర్ల జాబితా కోసం కృష్ణా జిల్లా ఫోర్ట్ సెయింట్ జార్జి గెజిట్ అనుబంధాలు అడిగి చూడండి. వచ్చే నెల నేను ఆర్కైవ్స్‌కు వెళ్తున్నాను. 1921, 1922 సంపుటాల్లో పల్నాడు మీద అడిగిన ప్రశ్నలు వెతుకుతాను. ప్రసాద్ గారూ, మీకు 1924 తీర్మానం చర్చ కావాలంటే ఆ పేజీలు కూడా ఫోటో తీయించి ఇక్కడ పెడతాను.

ఒంగోలు_ప్రసాద్

తప్పకుండా కావాలండీ. వ్యతిరేకంగా ఎవరు మాట్లాడారో ఆ పేజీలు కూడా తీయించండి.